చర్మం కింద చిట్టెలుక

పిల్లి కాలు ఆనించినట్టు ఆనించు, నొక్కకు, అంది ఫిజియో మేడం. నొక్కితే నీ వేల్లో కొట్టుకునే నాడే నీకు తగులుతుంది, ఏదో కదిలిందనుకుంటావు అంది. కాబట్టి ప్రస్తుతం నేను పిల్లిని, నా చూపుడువేలు పిల్లి కాలు, దాని కింద మా అక్క కుడి జబ్బ. ఎర్ర లైటు కింద ఇరవై నిమిషాలు కాచినందుకు అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది, కానీ చొక్కాలాగే లోపల ఎవరూ లేరు. గోడ గడియారంలో పదకొండుకి పది నిమిషాలు తక్కువ. పన్నెండుకి డాక్టరు వస్తాడు. ఈలోగా ఈ కండలో చిన్న అదురు, చీమ తుమ్మినంత అదురు కనిపించినా చాలు, కుట్టిన నరం ఇక్కడిదాకా వచ్చి చేరినట్టే, ఇంకొన్నాళ్ళు ఆగుదాం అంటాడు. కనిపించకపోతే ఎదురుచూపులు చాలంటాడు, తొడలోంచి ఒక కండ కోసి తెచ్చి చేతిలో కుడతానంటాడు. తొడ కండ చేతిలో పెడితే చెయ్యి నడుస్తుందా డాక్టరుగారూ అని పోయినసారి నేనడిగాను, అమ్మ బల్ల కింద నా తొడ గిల్లింది, దాంతో నా తొడలో కండ భేషుగ్గా పనిచేస్తోందని ఆ గదిలో అందరికీ తెలిసింది. అమ్మ ఇవాళ లోపలికి రాలేదు. వరండాలో చెప్పుల స్టాండు పక్కన కూర్చుని, ఎవరి చెప్పులు వాళ్ళకి జతలు చేస్తోంది. వచ్చినప్పుడు పన్నెండు జతలున్నాయి, ఇప్పటికి నాలుగుసార్లు సర్దింది, ఇంకో గంటలో వాటికి పాలిష్ కూడా పడుతుంది.

మోచెయ్యి మడవాలని మనసులో అనుకోవాలి అక్క, పది లెక్కపెట్టేంతసేపు అనుకుని వదిలెయ్యాలి, మళ్ళీ అనుకోవాలి. కళ్ళు మూసుకుని అనుకుంటోంది. అనుకోవడం బయటికి ఎలా కనిపిస్తుంది, కనుబొమ్మల మధ్య చిన్న గీత పడుతుంది, పెదవి కొంచెం బిగుస్తుంది, మెడ మీద గాటు ఉన్నచోట చర్మం లాగినట్టవుతుంది, ఆ పైన అంతా హడావిడే, కిందకి దిగితే నిశ్శబ్దం, పై అంతస్తులో పెళ్ళి జరుగుతుంటే కింద ఇంట్లో తాళం వేసి ఉన్నట్టు. వేళ్ళు కదులుతాయి, అదే పెద్ద తమాషా, పెన్సిలిస్తే పట్టుకుంటాయి, కుంచె ఇస్తే ఆ వేళ్ళు దాన్ని ఎలా పట్టుకోవాలో మర్చిపోలేదు, కానీ కుంచె పట్టుకున్న చెయ్యి బోర్డు దగ్గరికి లేవదు. ఎడంచేత్తో కుడి మోచెయ్యి ఎత్తి పట్టుకుని ఒకసారి రాసి చూసింది, అక్షరాలు తాగి ఇంటికొచ్చినట్టు వచ్చాయి. బాగున్నాయక్కా, వైన్‌షాపు వాళ్ళు ఎగబడి కొంటారు అన్నాను. నవ్వింది. నవ్వి, కుంచెని నూనెలో కడిగి, తుడిచి, డబ్బాలో తలకిందులుగా పెట్టింది, కుంచె తలకిందులుగా పెట్టకూడదని నాకు చిన్నప్పుడు మొట్టికాయలు వేసి నేర్పింది తనే.

మా అక్క సైన్‌బోర్డులు రాస్తుంది. మా వీధిలో అక్క రాయని బోర్డంటే ఒక్కటే, కుక్క ఉంది జాగ్రత్త, అది కూడా కుక్క ఒప్పుకోక. ప్లాస్టిక్ ఫ్లెక్సీలు వచ్చి ఊళ్ళో రాసేవాళ్ళంతా ఏసీలు బిగించే పనిలోకి పోయినా అక్క ఒక్కతే నిచ్చెన వదల్లేదు. అక్షరం దగ్గరకెళ్ళి చూస్తే కుంచె వెంట్రుకల దారి కనిపించాలి అంటుంది, దూరం నుంచి చూస్తే ఎవరో మనిషి పిలిచినట్టుండాలి అంటుంది. ఎనిమిది నెలల కిందట జిమ్ముకి రాస్తోంది, ఆ జిమ్ము ఓనర్ని మేం డంబెల్ అన్న అంటాం, మనిషి ఎంత లావంటే తలుపులోంచి వచ్చేటప్పుడు కాసేపు ఆలోచిస్తాడు. మజిల్ అని ఇంగ్లీషులో, మనిషెత్తు అక్షరాలు, ఎరుపు మీద నలుపు నీడ. ఎమ్ అయింది, యూ అయింది, ఎస్ అయింది, ఎస్ కింది వంపుకి నీడ దిద్ది, సీ కోసం రెండు నిచ్చెనల మధ్య వేసిన పలక మీద ఒక అడుగు పక్కకి జరిగింది, పలక విరిగింది. చేతుల మీద పడాల్సింది, కుంచె పాడవుతుందనుకుందో ఏమో, భుజం మీద పడింది, మెడ అటుపక్కకి విరుచుకుపోయింది, మెడకీ భుజానికీ మధ్య ఉండే నరం తాడు తెగినట్టు తెగింది. పడ్డాక కూడా కుంచె చేతిలోనే ఉందని డంబెల్ అన్న ఇప్పటికీ చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ తువ్వాలు తీసుకుంటాడు, అది చెమటకని అంటాడు. ఆ బోర్డు అలాగే ఉంది. వేరేవాళ్ళతో పూర్తి చేయించుకోమని అక్కే చెప్పి పంపింది. నా జిమ్ము, నా బోర్డు, నీకెందుకమ్మా, వస్తావులే అన్నాడట. ఎనిమిది నెలలుగా వీధి మీద మస్ అని ఒక్క ముక్క. దారినపోయేవాళ్ళు అదేంటని అడిగితే, మిగతాది దారిలో ఉంది అంటాడు.

దారిలోనే ఉంది మరి. నరం రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతుందని డాక్టరు చెప్పినప్పుడు నేను ఆయన జోకేశాడనుకుని మర్యాదకి నవ్వాను. ఆయన నవ్వలేదు. తెగినచోట కుడితే, పాత నరం గొట్టంలా ఖాళీగా ఉంటుందట, అందులోంచి కొత్త నరం చీకట్లో తడుముకుంటూ నడుస్తుందట, రోజుకి మిల్లీమీటరు, ఒక్కోసారి అదీ ఉండదు, దారి తప్పినా తప్పుతుంది. నత్త చూస్తే జాలిపడి బండెక్కించుకుని తీసుకెళ్ళే వేగం. కానీ అది గోరుకన్నా పదింతలు జోరు అని ఆయనే అన్నాడు, ఆ పూట ఇంటికొచ్చి నేను నా గోళ్ళవైపు చాలాసేపు చూశాను, ఇంత బద్ధకమా మీకు అని. అక్క తన పద్ధతిలో అర్థం చేసుకుంది. బోర్డు రాసేముందు సున్నం పూసిన దారాన్ని ఈ చివరా ఆ చివరా పట్టుకుని, మధ్యలో లాగి వదులుతారు, టప్పున గీత పడుతుంది, ఆ గీత మీద అక్షరాలు నిలబడతాయి. ఆ దారమే తెప్పించి, ఒక కొస నన్ను మెడ దగ్గర గాటు మీద పట్టుకోమని, ఇంకో కొస తను ఎడంచేత్తో జబ్బ మధ్యన పట్టుకుని, పళ్ళతో లాగి వదిలింది. తెల్లటి గీత. స్కేలు పెట్టి కొలిస్తే ఇరవై రెండు సెంటీమీటర్లు. కుట్టిన చోట నరం నిద్రలేవడానికే కొన్నాళ్ళు పడుతుందన్నారు, అది పోగా రోజుకొక చుక్క. రోజూ పొద్దున్నే స్నానానికి గీత చెరిగిపోతుంది, రోజూ మళ్ళీ గీస్తాం, ఎర్ర పెన్సిలుతో నిన్నటికన్నా ఒక వెంట్రుక కిందకి చుక్క పెడుతుంది. లోపల వాడెవడో గుడ్డివాడు నడుస్తున్నాడు, పైన మేం దీపం పట్టుకుని పక్కనే నడుస్తున్నాం, వాడికి మేం ఉన్నట్టు తెలీదు. ఎర్ర చుక్క పోయినవారమే జబ్బ మధ్యకి వచ్చేసింది. లెక్క ప్రకారం వాడు గుమ్మం ముందే నిలబడి ఉండాలి. తలుపు కొట్టడం లేదు.

"ఏమైనా ఉందా" అంది అక్క, కళ్ళు తెరవకుండానే. లేదన్నాను. "నిజం లేదా, నీ లేదా" అంది. నిజం లేదే అన్నాను. ఇది మా ఇంట్లో కొత్తగా వచ్చిన వ్యాకరణం, దీనికి కర్త నేనే. మూడో నెలలో ఒకరోజు, ఇల్లు మరీ మౌనంగా ఉంది, అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడుగుతోంది, కుళాయి కూడా మొహమాటపడి చుక్కలు వదలడం మానేసింది, అక్క చెయ్యి దిండు మీద పెట్టుకుని గోడకేసి చూస్తోంది, నేను పక్కన కూర్చుని జబ్బ మీద నూనె రాస్తున్నాను. కదిలిందే, అన్నాను. ఎందుకన్నానో నాకు తెలీదు. నేను చిన్నప్పట్నుంచీ రబ్బరు తేలు, రబ్బరు బల్లి, అక్క పెయింటు డబ్బాలో రబ్బరు ఎలుక, అన్నీ వేసినవాణ్ణే, ఏది వేసినా రెండు నిమిషాల్లో కేక, మూడో నిమిషంలో నవ్వు, నాలుగో నిమిషంలో నాకు రెండు దెబ్బలు, లెక్క సరిపోయేది. ఇదీ అంతే అనుకున్నా. కానీ అక్క నావైపు తిరిగి, నిజమా అంది. ఆ ఒక్క మాట ఎలా అందో, ఆ మొహంలో ఎన్ని లైట్లు వెలిగాయో చూశాక, కాదు అనడానికి నా నోటికి కరెంటు లేదు. నరం అప్పటికి భుజం కూడా దాటలేదని స్కేలు పట్టుకుని కొలిచినవాణ్ణి నేనే. నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో అమ్మ పిన్నికి, పిన్ని మేనత్తకి, మేనత్త మిగతా భూగోళానికి ఫోన్లు చేశారు. డంబెల్ అన్న జిమ్ముకి సెలవిచ్చి, వచ్చి, అక్క చెయ్యి ముట్టుకోకుండా దూరం నుంచే చూసి, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు, అంత మనిషి బడిపిల్లాడిలా. సాయంత్రం చెప్పాను. ఎవరూ తిట్టలేదు. అక్క, సర్లే, అంది. అమ్మ మళ్ళీ అందరికీ ఒక్కొక్కరికే ఫోను చేసి, కాదట, కాదట, అని చెప్పింది, వంటింట్లోంచి ఆ కాదటలు పదిహేడు లెక్కపెట్టాను. అప్పట్నుంచి మా ఇంట్లో నేను వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూస్తారు, తడిసినా ఇంకోసారి చూస్తారు. ఇవాళ మేడం కూడా వేలు పెట్టించే ముందు చెప్పింది, నువ్వు చెబితే నేను రాసుకోను బాబూ, నాకు చూపించాలి. ఊరంతా పాకింది నా కీర్తి.

పక్క బెడ్డు మీద మాస్టారు. భుజం బిగుసుకుపోయిన రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు, కప్పుకి వేలాడే కప్పీకి రెండు చేతులూ తగిలించుకుని, ఒకటి లాగితే ఇంకోటి లేస్తుంది, పొద్దుట్నుంచీ తనని తానే బావిలోంచి తోడుకుంటున్నట్టున్నాడు. నేను చెబుతుంటే బోర్డు కథ విన్నాడు ఇందాక. మూడక్షరాల దగ్గర ఆగిందా, అని తాడు లాగడం ఆపేశాడు. "ఒరే అబ్బాయ్, మజిల్ అంటే అసలేంటో తెలుసా నీకు?" కండ అన్నాను. "అది ఇప్పుడు. పుట్టినప్పుడు ఏంటి?" పుట్టినప్పుడు చిన్న కండ అయ్యుంటుంది అన్నాను. మాస్టారు నలభై ఏళ్ళు నాలాంటివాళ్ళని చూసినవాడు, చలించలేదు. "ఎలుక. లాటిన్‌లో అవే మూడక్షరాలు, మూస్ అంటే ఎలుక. మస్కులస్ అంటే చిట్టెలుక. వాళ్ళు చెయ్యి మడిచి చూసుకున్నారు, చర్మం కింద ఏదో గుండ్రంగా ఉబ్బి, ఇట్నుంచి అటు పరిగెత్తింది, మళ్ళీ దాక్కుంది. చిట్టెలుక అన్నారు. ఆ ఎలుకే ఫ్రాన్సు మీదుగా నడుచుకుంటూ ఇంగ్లీషులోకి వచ్చింది. గ్రీకువాళ్ళు మరీ ఘోరం, కండకీ ఎలుకకీ ఒకటే మాట." నేను అక్కవైపు చూశాను, అక్క కళ్ళు తెరిచింది. కోతలు కొయ్యకండి మాస్టారూ, అవి నా డిపార్టుమెంటు అన్నాను. "కోతేం కాదురా. మనం మూషికం అంటామే, ఆ మూషికం, వాళ్ళ మూసు, రెండూ ఒక్క తల్లి పిల్లలు. వేల ఏళ్ళ కింద విడిపోయారు." అనేసి తాడు లాగాడు, ఎడంచెయ్యి పైకి లేచింది, ఓ అమ్మా అన్నాడు, ఆ అమ్మ ఏ భాషదో చెప్పలేదు.

అప్పట్నుంచి నా తల పనిచెయ్యడం లేదు. అంటే ఎప్పుడూ చేసేదని కాదు. డాక్టరు తెల్లకోటు వేసుకుని, స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని, ఎంతో గంభీరంగా, మజిల్ రెస్పాండ్ అవలేదమ్మా అన్నాడే పోయినసారి, అంటే ఆయన అన్నది, చిట్టెలుక పలకలేదమ్మా, అని. పుస్తకాల్లో అదే, మందుల పెట్టెల మీద అదే, ప్రపంచంలో ఇన్ని ఆస్పత్రుల్లో ఇంతమంది పెద్దమనుషులు ఎవరూ నవ్వకుండా ఎలుకా ఎలుకా అనుకుంటున్నారు. ఎవడు మొదలుపెట్టాడు ఇది. రాజు అయ్యుండడు, పండితుడు అయ్యుండడు, వాళ్ళకి చేతులు చూసుకునే తీరికెక్కడ. వాడెవడో నాలాంటివాడే. ఏదో ఇంట్లో, ఎవరూ మాట్లాడుకోని పూట, అక్క పక్కన కూర్చుని, చెయ్యి మడిచి, అక్కా చూడవే, ఎలుక దూరింది నా చేతిలో, అనుంటాడు. వాళ్ళక్క కేకేసి ఉంటుంది, తర్వాత నవ్వుంటుంది, తర్వాత రెండిచ్చి ఉంటుంది. ఆ పరాచికం వీధిలోకి పోయి, ఊళ్ళోకి పోయి, ఓడెక్కి, రాజ్యాలు కూలి, భాషలు చచ్చి, ఆ అక్కా తమ్ముడూ ఎక్కడ మట్టయ్యారో ఎవరికీ తెలీకుండా పోయి, ఇది మాత్రం బతికి, డంబెల్ అన్న బోర్డు మీదకొచ్చి, మూడక్షరాలుగా ఎండలో ఆరుతోంది. మస్ అని, అంటే ఎనిమిది నెలలుగా మా వీధి మీద మనిషెత్తున ఎలుక అని రాసుంది, మేం దాని కిందనుంచే కూరగాయలకి వెళ్ళొచ్చాం. నా అబద్ధం నాలుగు గంటలు బతికింది. వాడిది రెండువేల ఏళ్ళు దాటి బతుకుతోంది. తేడా ఏంటా అని ఆలోచిస్తే తట్టింది, నేను ఏమీ లేనిచోట ఉందన్నాను, వాడు ఉన్నదాన్ని చూశాడు. వాడు నిజంగా చూశాడు. అంతే తేడా. ఎంత సేపు చూసుంటాడో, ఎంత కదలకుండా కూర్చుని చూసుంటాడో, పిల్లి కూర్చున్నట్టు.

పదకొండూ నలభై. వరండాలో చెప్పుల చప్పుడు ఐదోసారి. మేడం ఆ చివర ఎవరి మోకాలితోనో వాదిస్తోంది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారు, ఇక్కడ పిల్లికే ప్రాణసంకటంగా ఉంది, ఎలుక వస్తే చాలు, ఎక్కడ దాక్కున్నా సరే, జున్ను పెడతాను, కావాలంటే నా చొక్కాలన్నీ కొరుక్కోమంటాను. "విసుగొస్తోందిరా" అంది అక్క. "మడువు మడువు అని ఎంతసేపని అనుకుంటాను, మడవడం ఎలాగుండేదో మర్చిపోయాను." నువ్వెప్పుడైనా చెయ్యి మడవాలని చెయ్యి మడిచావా అక్కా, అన్నాను, ఏదో అనాలని అన్నాను. అక్షరం కోసం కదా మడిచేదానివి. సీ ఉండిపోయిందిగా, సీ రాయి. అక్క మొహం మారింది. కనుబొమ్మల మధ్య గీత పోయింది, పెదవి వదులైంది, మూసిన రెప్పల కింద కళ్ళు పైకి వెళ్ళాయి, ఎత్తుకి, నిచ్చెన మీదనుంచి చూసే ఎత్తుకి, కుడిచేతి మూడువేళ్ళు వాటంతటవే కుంచె పట్టు పట్టాయి. సీకి మొదలు పైన కుడివైపు ఉంటుంది, చెయ్యి ఎత్తి అక్కడ పెట్టాలి, అక్కణ్ణుంచి ఎడమకి వంపు తీస్తూ కిందకి. ఎత్తుతోంది. నాకు తెలుస్తోంది, ఎత్తుతోంది. చెయ్యి దుప్పటి మీదే ఉంది.

అప్పుడు నా వేలి కింద ఒకటి అదిరింది.

నాడి, అనుకున్నాను వెంటనే. నాదే. నా గుండె ఇప్పుడు వేళ్ళలోనే కొట్టుకుంటోంది, చెవుల్లోనూ కొట్టుకుంటోంది, ఆ మాటకొస్తే చెప్పుల్లో కూడా కొట్టుకుంటోంది. వేలు తీసేశాను. తీసి, ఊపిరి కూడా పక్కకి వదులుతూ, వట్టి కళ్ళతో చూశాను. ఇంకోసారి రాయి అక్కా, అన్నాను. ఎర్ర చుక్క పక్కన, సున్నం గీత మీద, లోపల ఎవరో దుప్పటి కప్పుకుని పక్కకి ఒత్తిగిల్లినట్టు, చర్మం చిన్నగా ఉబ్బి, ఒక్క అంగుళం పరిగెత్తి, అణిగిపోయింది. చెయ్యి లేవలేదు. మోచెయ్యి మడవలేదు. కానీ పరిగెత్తింది. నాలుగు కాళ్ళతో పరిగెత్తినట్టే పరిగెత్తింది. వాడు చూసింది ఇదే. రెండువేల ఏళ్ళ కింద ఆ వెధవ చూసింది అచ్చం ఇదే, వాడు అబద్ధం చెప్పలేదు, పోలిక కూడా చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టు అని ఎగతాళి చేస్తారే, రెండువందల నలభై ఒక్క రోజులు తవ్వి చూడమనండి వాళ్ళని.

అరవాలి. నా నోరు తెరుచుకుంది కూడా, కదిలిందే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, వచ్చి అక్కడ పాత కదిలిందేని చూసి ఆగిపోయింది. అదే మాట. నా దగ్గర ఇంకో మాట లేదు, ఉన్న ఒక్కదాన్నీ నేనే వాడి పారేశాను. నేను అంటే అక్క కళ్ళు తెరుస్తుంది, నిజమా అంటుంది, ఆ లైట్లు వెలగవు, వెలగకుండా నా మొహం వెతుకుతుంది, నాకు అది వద్దు. అందుకని ఏమీ అనకుండా అక్క ఎడంచెయ్యి పట్టుకుని, తెచ్చి, చూపుడువేలు కుడి జబ్బ మీద, ఎర్ర చుక్క పక్కన ఆనించాను. నొక్కకు, అన్నాను.

"ఏంట్రా?"

"ఏం లేదు. సీ రాయి."

కళ్ళు తెరిచి నన్ను చూసింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది. కుంచె పట్టు, పైన కుడివైపు, వంపు. నేను గది మధ్యదాకా వెనక్కి నడిచాను, కప్పీ ఆగింది, మాస్టారు రెండు చేతులూ తాడుకే ఉండగా మెడ సాచి చూస్తున్నాడు. అక్క ఎడంచేతి వేలు ఒక్కసారి ఉలిక్కిపడి, వెంటనే మళ్ళీ ఆనింది, ఈసారి ఇంకా తేలిగ్గా.

"నీ వేలు తియ్యరా" అంది, కళ్ళు తెరవకుండా.

"నా వేళ్ళన్నీ ఇక్కడున్నాయి" అన్నాను. కళ్ళు తెరిచి చూసింది. నేను గది మధ్యలో, దొరికిపోయిన దొంగలా రెండు చేతులూ పైకెత్తి, పది వేళ్ళూ విడివిడిగా చాచి, ఆరడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, పక్కన మాస్టారూ అంతే, సాక్షికి. అక్క నా వేళ్ళు చూసింది, నిజంగానే లెక్కపెట్టింది, పెదాలు కదలడం నాకు కనిపించింది. తర్వాత వంగి తన జబ్బలోకి చూసుకుంది. ఆ మొహం మీద ఇప్పుడు వెలుగుతున్నవి నేను వెలిగించినవి కావు. మేడంని పిలవాలి, అమ్మని పిలవాలి, పన్నెండు జతల చెప్పులు ఎగిరిపోయేలా ఒక్క కేక వెయ్యాలి, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను.

"అరవకు" అంది అక్క, వేలు తియ్యకుండా, చాలా మెల్లగా. "పారిపోతుంది."